పెట్టెలో తుపాకి, సంచిలో తూటా: బరంపురం వైపు నుంచి విమానం ఎక్కేవాళ్ళకు కస్టమ్స్ మార్గదర్శి

ఒడిశాలోని బరంపురంలో చాలా ఏళ్ళుగా విమాన టికెట్ల దుకాణం నడుపుతున్నాను. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి మన తెలుగువాళ్ళు వస్తారు. గల్ఫ్‌కి వెళ్ళే వెల్డర్లు, ఏసీ మెకానిక్కులు ఉంటారు. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళే అమ్మానాన్నలూ ఉంటారు. లగేజీ ఎన్ని కిలోలు, ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా, బంగారం ఎంత వేసుకోవచ్చు అని అందరూ అడుగుతారు. తుపాకి సంగతి మాత్రం ఎవరూ అడగరు.

అడగాల్సిన ఇళ్ళు మా వైపు తక్కువేమీ లేవు. కొండపక్క పొలాల్లో అడవిపందుల బెడదకు లైసెన్స్ తుపాకి పెట్టుకున్న రైతులున్నారు. పర్లాకిమిడి, జయపురం వైపు పాత జమీందారీ కుటుంబాల గోడలకు తాతల నాటి తుపాకులు వేలాడుతుంటాయి. సైన్యంలో, పోలీసులో పనిచేసి రిటైరైనవాళ్ళ బీరువాల్లో గుర్తుగా దాచుకున్న తూటా తొడుగులుంటాయి. అమెరికాలో తుపాకి కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు దాన్నేం చేయాలో తెలియని కుర్రవాళ్ళూ ఉన్నారు.

కొన్నేళ్ళ కిందట చికిటి వైపు పల్లె నుంచి ఒక కుర్రాడు మస్కట్ ఉద్యోగానికి బయల్దేరాడు. తెల్లవారుజామున మూడింటికి విమానాశ్రయం నుంచి నాకు ఫోన్. "అన్నా, బ్యాగులో ఏదో దొరికిందంటున్నారు, నాకేమీ తెలీదన్నా" అని ఏడుపు. ఆ బ్యాగు వాళ్ళ మామయ్యది. ఖాకీ రంగు కాన్వాస్ బ్యాగు, గట్టిది కదా అని ఇచ్చారు. ఆయన పొలం కాపలాకి అదే భుజాన వేసుకునేవారు. బ్యాగు అడుగున అట్ట ఉంటుంది కదా, దాని కింద ఒక పన్నెండు బోరు తూటా ఇరుక్కుని ఉంది. ఎర్ర ప్లాస్టిక్ ఒళ్ళు, ఇత్తడి అడుగు, పేలనిది. మామయ్య మొదటి బస్సుకే లైసెన్స్ పుస్తకం పట్టుకుని పరిగెత్తారు. లైసెన్స్ ఉంది కదా అని ధైర్యంగా చూపించారు. పుస్తకంలో ఏరియా అన్నచోట ఒడిశా అని మాత్రమే ఉంది. తూటా దొరికింది ఇచ్ఛాపురం అవతల, ఆంధ్రలో. పైగా బ్యాగు మోస్తున్నవాడి పేరు ఆ పుస్తకంలో లేనే లేదు. ఆ రోజు విమానం పోయింది, తర్వాత వీసా గడువు పోయింది. కేసు తేలేసరికి రెండేళ్ళు దాటింది.

అప్పటి నుంచి నా దగ్గర విదేశీ టికెట్ తీసుకునే ప్రతి ఒక్కరినీ ఇంట్లో తుపాకి ఉందా అని అడుగుతున్నాను. కొందరు చిరాకుపడతారు. అయినా అడుగుతాను. ఆ అడిగే క్రమంలోనే ఈ మార్గదర్శి రాస్తున్నాను.

మొదటి అడుగు: మీ సంచిలో ఉన్నది చట్టం లెక్కలో ఏమిటో చూసుకోండి

తుపాకి అంటే పేలే తుపాకి ఒక్కటే అనుకుంటాం. 1959 నాటి ఆయుధాల చట్టం అలా అనుకోదు. దాని విడిభాగాలు కూడా ఆయుధం కిందికే వస్తాయి. శబ్దం తగ్గించే సైలెన్సర్ కూడా ఆ లెక్కలోదే. బ్యారెల్, మ్యాగజైన్, బోల్ట్ లాంటివి విప్పి బట్టల మధ్య పెట్టుకుంటే తుపాకి కాదులే అనుకోవడం పొరపాటు. తూటాకి చట్టంలో విడిగా నిర్వచనం ఉంది. ఒక్కటున్నా అది తూటాయే.

ఎయిర్‌గన్ విషయంలో గందరగోళం ఎక్కువ. 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటినా, మజిల్ ఎనర్జీ, అంటే గొట్టం వదిలేటప్పుడు గుండుకుండే శక్తి, 20 జౌల్స్ దాటినా లైసెన్స్ కావాలి. ఆ లోపల ఉంటే అక్కర్లేదు. ఇది దేశం లోపల దగ్గర ఉంచుకోవడానికి సంబంధించిన మాట. దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో కొని పెట్టెలో వేసుకు రావచ్చని దీని అర్థం కాదు. దిగుమతికి వేరే అనుమతులుంటాయి. ఇక విమానం క్యాబిన్‌లోకి ఎయిర్‌గన్నూ, పెల్లెట్ల డబ్బా, అచ్చం తుపాకిలా కనిపించే బొమ్మ, తుపాకి ఆకారం లైటర్ ఏదీ రానివ్వరు. మనవడికి కొన్న బొమ్మ తుపాకి చేతిసంచిలో పెట్టకండి. స్కానర్ తెరమీద అది బొమ్మలా కనబడదు.

పేలిపోయిన తూటా తొడుగుని తాళంచెవుల గుత్తికి తగిలించుకునే మాజీ సైనికులు మా వైపు చాలామంది. అది ఖాళీదే, ప్రాణం తీసేది కాదు. కానీ సెక్యూరిటీ మనిషి దాన్ని చేతిలోకి తీసుకుని చూసేదాకా తెలియదు. ఆ చూడ్డానికి, పైవాళ్ళని పిలవడానికి, పోలీసుకి కబురు పెట్టడానికి పట్టే టైములో మీ విమానం వెళ్ళిపోతుంది. అలాంటివి ఇంట్లో దేవుడి గూటిలోనే ఉంచండి.

రెండో అడుగు: సంచి ఖాళీ చేసి తడమండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో తుపాకి ఉన్నా, ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేకపోయినా, సంచి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకున్నా చేయాల్సిందే.

నేలమీద తెల్ల దుప్పటి పరచండి. సంచిని బోర్లించి దులపండి. లోపలి లైనింగ్ బయటికి లాగి, కుట్ల వెంబడి బొటనవేలు, చూపుడు వేలు మధ్య నొక్కుకుంటూ రండి. పాత సంచుల్లో లైనింగ్ మూలల్లో చిరుగు ఉంటుంది. జేబులో వేసినవి ఆ చిరుగులోంచి జారి రెండు పొరల మధ్య పడతాయి. అడుగున ఉన్న అట్టో, రేకో లేపి చూడండి. చక్రాల పెట్టె అయితే లోపలి జిప్ తీస్తే లాగుడు కడ్డీల పక్కన గాడి కనిపిస్తుంది. అక్కడ వేలు పెట్టి చూడండి. పన్నెండు బోరు తూటా బొటనవేలంత లావు ఉంటుంది, చేతికి తగులుతుంది. ఇరవై రెండు బోరుది పెన్ను మూత కన్నా చిన్నది, తేలిగ్గా తప్పించుకుంటుంది. తర్వాత కోట్లు, జాకెట్ల జేబులు. వేటకి, పొలం కాపలాకి వేసుకున్న కోటు ఏదీ ప్రయాణానికి వేసుకోకండి. మందపాటి కోటు చలిదేశానికి పనికొస్తుందని పెద్దాయన ఇస్తారు, మనం మొహమాటానికి తీసుకుంటాం. అక్కడే మోసపోతాం.

వీలైతే కొత్త సంచి కొనుక్కోండి. ఉద్యోగానికి లక్షలు ఖర్చుపెట్టి వెళ్ళేవాడు వెయ్యి రెండు వేల దగ్గర ఆలోచించకూడదు.

మూడో అడుగు: లైసెన్స్ పుస్తకంలో ఏరియా గడి చదవండి

సరిహద్దు జిల్లాల వాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. గంజాం జిల్లాలో ఆయుధ లైసెన్స్ ఇచ్చేది ఛత్రపురంలో కూర్చునే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు గారు. ఆ లైసెన్స్ ఎంతమేర చెల్లుతుందో దానిమీదే రాసి ఉంటుంది. కొందరికి జిల్లా వరకే, కొందరికి రాష్ట్రం వరకు, కొద్దిమందికి మాత్రం దేశమంతా.

ఇప్పుడు మన ప్రయాణం ఆలోచించండి. బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్తే ఒడిశాలోనే ఉంటారు. విశాఖపట్నం వెళ్తే గిరిసోల గేటు దాటి, ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టు మీదుగా ఆంధ్రలోకి ప్రవేశిస్తారు. పర్లాకిమిడి వాళ్ళకి సరిహద్దు ఇంకా దగ్గర, ఊరు దాటితే పాతపట్నం. మనకి అది రెండు రాష్ట్రాలన్న ధ్యాసే ఉండదు. అటూ ఇటూ మన చుట్టాలే, సంతా ఒకటే, భాషా ఒకటే. తుపాకికి మాత్రం ఆ గీత ఉంది. ఒడిశా వరకే చెల్లే లైసెన్స్‌తో తుపాకి పట్టుకుని పాతపట్నం వెళ్తే, విమానాశ్రయం సంగతి దేవుడెరుగు, రోడ్డుమీదే లైసెన్స్ లేనివాడి లెక్కలోకి వస్తారు.

కాబట్టి తుపాకితో ప్రయాణం తప్పదనుకుంటే ముందుగా ఏరియా పెంచమని లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులోనే దరఖాస్తు పెట్టండి. పుస్తకంలో ఎక్కిన తర్వాతే టికెట్ కొనండి. దానితోపాటు ఇంకో మూడు చూసుకోండి. యూఐఎన్ నంబరు ఉందా, అంటే దేశవ్యాప్త ఆయుధ లైసెన్సుల డేటాబేసులో మీ పేరు ఎక్కిందా. గడువు ఉందా. 2019 సవరణ తర్వాత లైసెన్స్ అయిదేళ్ళకి ఇస్తున్నారు, అంతకుముందు మూడేళ్ళు ఉండేది. మూడోది, తుపాకిమీద కొట్టిన నంబరు, పుస్తకంలో రాసిన నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా. పాత తుపాకులమీద నంబరు అరిగిపోయి మూడు ఎనిమిదిలా కనబడుతుంది. కౌంటర్ దగ్గర ఆ ఒక్క అంకె మీద గంట వాదన జరిగితే టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పాత పుస్తకాల్లో రెన్యువల్ ముద్రలు, రాతలు ఒడియాలో ఉంటాయి. అవతలి రాష్ట్రంలో అది చదివేవాళ్ళు ఉండకపోవచ్చు. లైసెన్స్ ఆఫీసు నుంచి ఇంగ్లీషులో ఒక ధ్రువీకరణ కాగితం అడిగి తీసుకోండి.

నాలుగో అడుగు: ఏ కౌంటర్ ఏం చూస్తుందో విడదీసుకోండి

విమానాశ్రయంలో అందరూ ఒకటే ప్రభుత్వం అనుకుంటాం. అక్కడ ముగ్గురు వేరువేరు మనుషులున్నారు. ఎయిర్‌లైన్ మీ సామాను విమానంలోకి తీసుకోవాలా వద్దా అని చూస్తుంది. భద్రతా సిబ్బంది, మన పెద్ద విమానాశ్రయాల్లో సీఐఎస్ఎఫ్ వాళ్ళు, విమానానికి ప్రమాదం ఉందా అని చూస్తారు. వాళ్ళు పాటించే నియమాలు పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ పెట్టినవి. కస్టమ్స్ వాళ్ళు 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం దేశం సరిహద్దు దాటే సరుకుని చూస్తారు. ఒకరు సరే అన్నంత మాత్రాన మిగతా ఇద్దరూ సరే అన్నట్టు కాదు. ఈ ముగ్గురి వెనకా లైసెన్స్ ఇచ్చిన కలెక్టరు, కేసు కట్టే పోలీసు ఉంటారు.

దేశం లోపల ప్రయాణమైతే మామూలుగా కస్టమ్స్‌తో పని లేదు. విశాఖ నుంచి ఢిల్లీ షూటింగ్ పోటీకి వెళ్తున్నారనుకోండి. టికెట్ కొన్నరోజే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి ఆయుధం ఉందని చెప్పాలి. దేశీయ విమానాల్లో సాధారణంగా ఒక మనిషికి ఒక ఆయుధం, 50 తూటాల వరకే తీసుకుంటారు, దానికి రుసుము ఉంటుంది. చిన్న విమానాలు నడిచే చోట ఆ సౌకర్యం ఉందో లేదో ముందే అడగండి. చేతిసంచిలో పెట్టుకోవడం అన్నమాటే లేదు, చెక్-ఇన్ సామానులోనే.

ఆ రోజు మూడు గంటల ముందు చేరుకోండి. సామాను స్కానర్ దగ్గరకు వెళ్ళకముందే కౌంటర్‌లో నోటితో చెప్పండి. వాళ్ళు లైసెన్స్ చూస్తారు, నంబరు సరిపోల్చుకుంటారు, తుపాకి ఖాళీదని మీచేత రాయించుకుంటారు. డబుల్ బ్యారెల్ తుపాకి అయితే పక్కకి తీసుకెళ్ళి గొట్టాలు కిందికి వంచి, తెరిచి చూపించమంటారు. రెండు గొట్టాల్లోంచి అవతలి వెలుతురు గుండ్రంగా కనబడాలి. ఈ పని ఇంటి దగ్గరే ఒకసారి, పగటి వెలుగులో, గొట్టం గోడవైపు ఉంచి చేసుకుని రండి. తుపాకి తాళం వేసిన గట్టి పెట్టెలో ఉండాలి. తూటాలు అందులో కలపకుండా విడిగా, గట్టిగా కట్టి ఉంచాలి. అంతర్జాతీయ విమాన రవాణా సంస్థ ఐఏటీఏ నియమం కూడా తెలుసుకోండి. సొంత వాడకానికి మనిషికి 5 కిలోలకు మించని తూటాలు, అవి కూడా పేలుడు గుండ్లు, నిప్పంటించే గుండ్లు కానివే. ఎయిర్‌లైన్ ఇంతకన్నా తక్కువే అంటే ఆ తక్కువే లెక్క.

అయిదో అడుగు: విదేశం నుంచి తెచ్చేటప్పుడు

ఇక్కడ నిదానంగా చదవండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

ప్రయాణికుడు విదేశం నుంచి తుపాకి తేవడం మన దేశంలో నిషిద్ధం. మొదలు అక్కడే. అక్కడ లైసెన్స్ ఉంది, బిల్లు ఉంది, డ్యూటీ కడతాను అంటే చెల్లదు. అక్కడి ఎయిర్‌లైన్ దాన్ని డిక్లేర్ చేయించుకుని, తాళం పెట్టెలో పెట్టించుకుని విమానంలో ఎక్కించవచ్చు. అమెరికాలో ఖాళీ తుపాకి, గట్టి పెట్టె, తాళం, కౌంటర్‌లో డిక్లరేషన్ ఉంటే దేశీయ ప్రయాణానికి ఒప్పుకుంటారు. అది చూసి హైదరాబాదులోనూ అంతేనని కొందరు అనుకుంటారు. అక్కడ ఎక్కించుకున్నంత మాత్రాన ఇక్కడ దింపుకోవచ్చని కాదు. ఆ దేశం దాటించడానికి ఆ దేశం ఎగుమతి అనుమతి కూడా వేరే ఉంటుంది.

ఒక్క దారి ఉంది. విదేశంలో నివాసం ఎత్తేసి, కనీసం ఏడాదిపాటు ఇక్కడే ఉండేలా తిరిగొచ్చేవాళ్ళకి ఇచ్చే నివాస బదిలీ సౌకర్యం. దానికింద అనుమతించిన బోరులో ఒకే ఒక్క తుపాకిని కస్టమ్స్ విడవవచ్చు. దానికి షరతులు ఇవి. ఆ తుపాకి విదేశంలో కనీసం ఏడాదిపాటు మీ దగ్గరే ఉండి మీరే వాడి ఉండాలి. ఇక్కడి అధికారులిచ్చిన ఆయుధ లైసెన్స్ మీ పేరున ఉండాలి. డ్యూటీ కట్టాలి. విడిపించుకున్న తర్వాత బతికున్నంతకాలం దాన్ని అమ్మకూడదు, అరువివ్వకూడదు, డబ్బుకైనా ఊరికేనైనా ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఈ చివరి షరతు విని చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గడం మంచిదని నా అభిప్రాయం. డ్యూటీ, ఖర్చు, జీవితకాలం కట్టుబాటు ఇవన్నీ చూస్తే అక్కడే చట్టప్రకారం అమ్మేసి రావడం మేలు. అనుమతించిన బోరు అన్న మాట దగ్గర ఇంకో గుంట ఉంది. అమెరికాలో మామూలుగా అమ్మే 9 ఎం.ఎం. పిస్టల్ మన దేశంలో సామాన్యుడికి నిషిద్ధ బోరు. కాబట్టి అక్కడి ఇళ్ళల్లో ఉండే పిస్టళ్ళలో చాలావాటికి ఈ ఒక్క దారి కూడా మూసే ఉంది. నిషిద్ధ ఆయుధం దగ్గరుంటే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు ఉంది.

ఆ దారినే వెళ్ళాలనుకుంటే వరుస తప్పకండి. ముందు ఇక్కడ లైసెన్స్. దరఖాస్తు మీరు స్థిరపడబోయే జిల్లాలో పెట్టాలి, పోలీసు విచారణ జరుగుతుంది, వయసు 21 నిండి ఉండాలి. లైసెన్స్ చేతికొచ్చాక, అక్కడ ఏడాది వాడినట్టు రుజువులు, కొన్న బిల్లు, అక్కడి పర్మిట్ సిద్ధం చేసుకోండి. దిగబోయే విమానాశ్రయం కస్టమ్స్‌కి ముందే ఈమెయిల్ రాసి, వాళ్ళ జవాబు ప్రింట్ తీసి దగ్గర ఉంచుకోండి. ఆ తర్వాతే ఎయిర్‌లైన్‌కి చెప్పండి. మధ్యలో దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారేవాళ్ళు ఆ దేశం అనుమతి కూడా అడగాలి. నేరుగా వచ్చే విమానమే వెతకండి.

50 తూటాల సంగతి ఇక్కడే తేల్చుకుందాం. బ్యాగేజీ రూల్స్ అనుబంధంలో డ్యూటీ మినహాయింపు వర్తించని వస్తువుల పట్టిక ఉంది. అందులో తుపాకి, 50కి మించిన తూటాలు ఉన్నాయి. దీన్ని చదివి 50 వరకు ఎవరైనా తేవచ్చని అనుకుంటారు. కాదు. అది డ్యూటీ లెక్క. తూటా దగ్గర ఉంచుకోవడానికి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండితీరాలి. లైసెన్స్ లేనివాడికి ఒక్క తూటా కూడా ఎక్కువే. బ్యాగేజీ రూల్స్ ఎప్పటికప్పుడు మారుతుంటాయి, ప్రయాణానికి ముందు కస్టమ్స్ శాఖ వెబ్‌సైటులో తాజా పాఠం చూడండి.

ఆరో అడుగు: దిగిన చోట ఎర్ర దారి

అంతర్జాతీయ విమానం దిగాక సామాను తీసుకుని బయటికొచ్చేచోట రెండు దారులుంటాయి. ఆకుపచ్చ దారి చెప్పాల్సిందేమీ లేనివాళ్ళకి. ఎర్ర దారి చెప్పాల్సింది ఉన్నవాళ్ళకి. గల్ఫ్ నుంచి హైదరాబాదులో దిగి విశాఖ విమానం మారేవాళ్ళు గుర్తుంచుకోండి, సాధారణంగా సామాను తీసుకుని కస్టమ్స్ దాటాల్సింది దేశంలో మొదట దిగినచోటే.

ఆయుధానికి సంబంధించింది ఏదున్నా ఎర్ర దారిలోకే నడవండి. కస్టమ్స్ చట్టం సెక్షన్ 77 ప్రకారం సామానులో ఏముందో చెప్పాల్సిన బాధ్యత ప్రయాణికుడిది. ఆకుపచ్చ దారిలో అడుగుపెట్టడమంటే ఏమీ లేదని చెప్పినట్టే. ఆ తర్వాత దొరికితే తెలియక చేశానన్న మాటకి విలువ తగ్గిపోతుంది.

నిజం చెప్పినవాళ్ళకి చట్టంలో ఒక ఆసరా ఉంది. సెక్షన్ 80. తేకూడని వస్తువు తెచ్చినా, ఉన్నది ఉన్నట్టు డిక్లేర్ చేసి కోరితే, ఆ వస్తువుని అధికారి తమ దగ్గర ఉంచుకుని, మీరు దేశం విడిచి వెళ్ళేటప్పుడు తిరిగి ఇవ్వవచ్చు. ఇవ్వాలన్న నిర్బంధం లేదు, అది అధికారి నిర్ణయం. తిరిగి వెళ్ళిపోయే ఎన్నారైలకి ఇది పనికొస్తుంది. దాచి దొరికినవాళ్ళు దీన్ని అడగలేరు. వాళ్ళకి మిగిలేది సెక్షన్ 110 కింద స్వాధీనం, 111 కింద జప్తు, 112 కింద జరిమానా, పెద్ద కేసైతే 135 కింద కోర్టు. ఆపైన ఆయుధాల చట్టం కేసు వేరే.

ఏడో అడుగు: ఒకవేళ దొరికితే

గట్టిగా అరవకండి. పక్కవాడి చేతిలో పెట్టబోకండి, చెత్తబుట్టలో వేయబోకండి. కెమెరా అన్నీ చూస్తుంటుంది, ఆ ఒక్క పనితో తెలియక జరిగింది కాస్తా తెలిసి చేసిందవుతుంది. ఉన్నమాట చెప్పండి. సంచి ఎవరిది, ఎప్పుడు తీసుకున్నారు, ఇంట్లో ఎవరికి లైసెన్స్ ఉంది, అంతే.

కస్టమ్స్ వాళ్ళు ఒంటిమీద సోదా చేయాలంటే గెజిటెడ్ కస్టమ్స్ అధికారి ముందో, మేజిస్ట్రేటు ముందో చేయమని అడిగే హక్కు కస్టమ్స్ చట్టం సెక్షన్ 102 ఇచ్చింది. స్వాధీనం చేసుకున్నదానికి పంచనామా రాస్తారు, దాని నకలు అడిగి తీసుకోండి. సెక్షన్ 108 కింద మీ వాంగ్మూలం తీసుకుంటే అది కోర్టులో సాక్ష్యంగా నిలబడుతుంది. కాబట్టి తెలియని భాషలో రాసినదాని మీద సంతకం పెట్టకండి. తెలుగులోనో ఒడియాలోనో చదివి వినిపించమని మర్యాదగా అడగండి. పోలీసులు అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

లైసెన్స్ లేకుండా తుపాకి, తూటా దగ్గర ఉంచుకున్న నేరానికి ప్రాసిక్యూషన్ పెట్టాలంటే జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి, అది ఆయుధాల చట్టం సెక్షన్ 39. ఇంకో సంగతి లాయరుకి గుర్తుచేయండి. దగ్గర ఉండటమంటే తెలిసి ఉండటమే అని సుప్రీంకోర్టు 1972లోనే ఆయుధాల చట్టం కేసులో చెప్పింది, 1994లో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ మాట నిలబెట్టింది. సంచిలో మరిచిపోయిన ఒంటరి తూటా కేసుల్ని ఈ ఆధారంతో హైకోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. చికిటి కుర్రాడు కూడా చివరికి బయటపడింది ఈ మాటతోనే. కానీ అప్పటికి మస్కట్ ఉద్యోగం ఇంకొకడికి వెళ్ళిపోయింది.

కస్టమ్స్ జప్తు ఆర్డరు మీద కమిషనర్ అప్పీల్స్‌కి 60 రోజుల్లో వెళ్ళాలి. అక్కడా కాదంటే, బ్యాగేజీ కేసుల్లో ట్రిబ్యునల్‌కి కాకుండా కేంద్ర ప్రభుత్వానికి రివిజన్, అంటే మళ్ళీ పరిశీలించమన్న అర్జీ, పెట్టుకోవాలి. ఇది తెలియక ట్రిబ్యునల్ చుట్టూ తిరిగి గడువు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

ఇవన్నీ మన గడ్డమీద. ఇక్కడ స్కానర్‌కి తప్పించుకున్న తూటా అక్కడ దొరికితే ఆ దేశం చట్టమే. గల్ఫ్ దేశాల్లో అది చాలా కఠినం. వెంటనే భారత రాయబార కార్యాలయానికి కబురు చేయమని అడగాలి, ఇంటికి ఫోన్ చేయించుకోవాలి.

షూటర్లకి, పాత ఆయుధాలున్న ఇళ్ళకి

పోటీలకి విదేశం వెళ్ళే షూటర్లకి జాతీయ రైఫిల్ సంఘం ద్వారా కాగితాలు నడుస్తాయి. వెళ్ళేటప్పుడే తుపాకి నంబరుతో కస్టమ్స్ దగ్గర రాయించుకుని రసీదు తీసుకోవాలి. అది లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మీ తుపాకే మీకు దిగుమతి సరుకవుతుంది.

పర్లాకిమిడి, జయపురం వైపు తాతల నాటి తుపాకి, కత్తి విదేశంలో ఉన్న కొడుక్కి పంపాలని అడిగేవాళ్ళు ఏడాదికి ఒకరిద్దరైనా వస్తారు. పేలని పాత ఆయుధానికి ఆయుధాల చట్టం సెక్షన్ 45 కొంత మినహాయింపు ఇస్తుంది. దాన్ని నమ్ముకుని పెట్టెలో పెట్టేయకండి. వందేళ్ళు దాటిన వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది, దాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. వందేళ్ళు దాటలేదనుకుంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకోవాలి. గోడమీద ఉన్నది గోడమీదే ఉండనిచ్చి, దాని ఫోటో ఫ్రేము కట్టించి పంపండి అని నేను చెప్తుంటాను.

ఇక లైసెన్స్ ఉన్న పెద్దాయనే ఆరునెలలు పిల్లల దగ్గరకు వెళ్తుంటే, తుపాకి ఖాళీ ఇంట్లో వదలకండి, లైసెన్స్ లేని బావమరిదికి అప్పగించకండి. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలరు దగ్గరో జమచేసి రసీదు తీసుకోండి. ఎన్నికలప్పుడు ఎలా జమచేస్తారో అలాగే. ఆ రసీదు, లైసెన్స్ జిరాక్సు బీరువాలో పెట్టి, ఎక్కడున్నాయో ఇంట్లోవాళ్ళకి చెప్పి బయల్దేరండి. తూటాలు కూడా లెక్కపెట్టి తుపాకితోపాటే ఇచ్చేయండి. పుస్తకంలో కొన్న లెక్కకీ, చేతిలో ఉన్న లెక్కకీ ఒక్కటి తక్కువ వచ్చినా ఆగండి. ఆ ఒక్కటి ఏ సంచిలో ఉందో దొరికేదాకా ఇంట్లోంచి ఏ సంచీ బయటికి పంపకండి.